ఏడో వారం వాళ్ళకి

పొగ గదిలోంచి దించిన చేపలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఏవ్రిల్ ఇనుప చువ్వని బల్ల అంచుకి ఆనించి, ఒక్కొక్క హాడక్ ముక్కనీ తోక దగ్గర వేలితో నొక్కి చూసి పళ్ళెంలో పరుస్తోంది. నొక్కిన చోట గుంట పడి మళ్ళీ పైకి లేస్తే చేప కుదిరినట్టు. లేవకపోతే ఇంకో గంట పొగ తగలాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చూపు ఎటున్నా వేలు తన పని తను చేసుకుపోతుంది. ఈవేళ చూపు గోడ గడియారం మీదే ఉంది.

"ఎవరైనా వస్తామన్నారేంటే? అన్నిసార్లు గడియారం కేసి చూస్తున్నావ్?" ఎదురుబల్ల దగ్గర్నుంచి అడిగింది పాలీన్. ఆవిడ చేతిలో కత్తి ఆగలేదు.

"నాకోసం ఎవరొస్తారమ్మా? పోస్టువాడొస్తాడు. బిల్లు పట్టుకొస్తాడు."

"ఓహో, మహారాణీగారి విడిది బిల్లా!"

పక్క బల్ల వాళ్ళు నవ్వారు. ఏవ్రిల్ కూడా నవ్వింది. ఆ బిల్లు సంగతి ఇంగ్లండు తీరంలోని గ్రిమ్స్‌బీ చేపల రేవులో తెలియనివాళ్ళు లేరు. స్పెయిన్ వాళ్ళ ద్వీపంలో, సముద్రానికి ఎదురుగా, రెండో అంతస్తులో ఏవ్రిల్‌కి ఒక ఇల్లుంది. కాకపోతే ఏడాదికి ఏడు రోజులే ఆవిడది. ఫిబ్రవరిలో వచ్చే ఏడో వారం ఆవిడ వంతు. ఆరో వారం ఇంకెవరిదో, ఎనిమిదో వారం మరెవరిదో. ఇలా ఒక ఇంటిని వారాల కింద కోసి అమ్మడానికి టైమ్‌షేర్ అని పేరు. భర్త డెరిక్ బతికున్నన్నాళ్ళూ వాళ్ళిద్దరికీ ఏడాది మొత్తానికి ఎండ అంటే ఆ ఏడు రోజులే. డెరిక్ పోయి రెండేళ్ళు దాటింది. ఏవ్రిల్ మళ్ళీ అటు వెళ్ళలేదు. వెళ్ళినా వెళ్ళకపోయినా నిర్వహణ ఖర్చు మాత్రం కట్టాల్సిందే. ఉచితంగా ఇస్తానన్నా తీసుకునే నాథుడు లేడు. తన తరవాత అది కూతురు జోవన్ మెడకి చుట్టుకుంటుందని కొన్నప్పటి ఒప్పందం కాగితంలో సన్నక్షరాలతో రాసి ఉంది. డిసెంబరు దాటేలోపు వదిలించుకోకపోతే ఇంకో ఏడాది తప్పదు.

"చూస్తూ ఉండు. ఆ గుదిబండని పిల్లకి అంటగట్టి మాత్రం చావను" అంది ఏవ్రిల్, చివరి చేపని నొక్కుతూ.

"చావకు మరి. నీ వాటా చేపలు ఎవరు కొయ్యాలి?" అంది పాలీన్.

ఇల్లు చేరేసరికి ఒంటిగంటయింది. బిల్లు రాలేదు. ఏవ్రిల్ రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా పొగ వాసన గోళ్ళ దగ్గర నిలిచే ఉంటుంది. డెరిక్ ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని "భోజనం వచ్చింది" అనేవాడు.

హాల్లో ఫోను పక్కన గోడకి జోవన్ అంటించిన కాగితం ఉంది. పెద్ద పెద్ద అక్షరాలతో మూడే మూడు మాటలు. నా నంబర్ మీకెవరిచ్చారని అడుగు. ముందుగా డబ్బు కట్టమంటే పెట్టెయ్యి. నాకు చెప్పకుండా దేనికీ సరేననకు. ఫోనుకి తగిలించిన చిన్న పెట్టె ఒకటి కూడా జోవన్ తెచ్చిందే. దాని మీద ఎర్ర మీట ఉంది. అది నొక్కితే, అప్పుడు ఫోన్ చేసిన నంబర్ నుంచి ఇంకెప్పుడూ ఈ ఇంట్లో ఫోన్ మోగదు. పోయిన చలికాలం మార్కస్ అనేవాడు ఏవ్రిల్ దగ్గర పంతొమ్మిదివందల పౌండ్లు గుంజుకుపోయాక ఆ కాగితం, ఈ పెట్టె వచ్చాయి. మీ ఇల్లు కొనేవాళ్ళు దొరికారు, ముందు పన్ను కట్టాలి, అమ్మకం అయ్యాక తిరిగి ఇచ్చేస్తాం అన్నాడు. డబ్బు చేరిన మర్నాటి నుంచి వాడి ఫోను మూగబోయింది.

టీకి నీళ్ళు పెట్టి వెనక్కి తిరిగిందో లేదో ఫోన్ మోగింది.

"హలో. మిసెస్ టాస్కరేనా?" మగ గొంతు. వయసు మళ్ళిన గొంతు. ఏదో పైదేశపు యాస. మాటకీ మాటకీ మధ్య మెట్టు వెతుక్కుంటున్నట్టు ఆగుతున్నాడు.

"అవును. ఎవరండీ?"

"నా పేరు అర్నె. నేను... ద్వీపంలో మీ ఇల్లు గురించి. రెండొందల పధ్నాలుగు. ఏడో వారం."

ఏవ్రిల్ చేతిలో టీ చెంచా ఉంది. దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టింది.

"దాని సంగతేంటి?"

"మీకు అది వద్దనుకుంటే, నేను తీసుకుంటాను. నాకు దాని ముందు వారం ఉంది. రెండూ కలిస్తే..."

అచ్చం ఇవే మాటలు. మార్కస్ నోటి నుంచి ఊడిపడినట్టే ఉన్నాయి. మీ ముందు వారం వాళ్ళేనండీ, రెండు వారాలూ కలిపి ఉండాలని వాళ్ళకి ఎప్పట్నుంచో కోరిక అని తేనె పూసినట్టు చెప్పాడు వాడు. ఏవ్రిల్‌కి చెవులు వేడెక్కాయి. అయినా గొంతు పెంచకుండా గోడ మీది కాగితం చూసి అడిగింది.

"నా నంబర్ మీకెవరిచ్చారు?"

అవతల ఏదో కాగితం చప్పుడయింది.

"మీరే ఇచ్చారు" అన్నాడు.

ఏవ్రిల్‌కి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

"నేనే ఇచ్చానా? బావుంది నాయనా, చాలా బావుంది. పోయినసారి వచ్చినవాడికి ఇంత తెగువ లేదు. వాడూ ఇదే పాట పాడాడు. ముందు వారం వాళ్ళట, రెండూ కలిపి కావాలట. కనీసం పాటైనా మార్చుకోండి! ముసలి గొంతు పెట్టి, మాటలు రానట్టు నటించి... సిగ్గనిపించట్లేదూ? అన్నం తింటున్నావా ఇంకేమైనా తింటున్నావా?"

"క్షమించండి. నేను సరిగ్గా చెప్పలేదు. మీ భర్త..."

"నా భర్త మాటెత్తావంటే మర్యాదగా ఉండదు! చావు కబుర్లు పేపర్లో చదివి, మొగుడు పోయిన ఆడవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగే బతుకు నీది. పెట్టెయ్!"

తనే పెట్టేసింది. ఎర్ర మీట నొక్కింది. సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి నొక్కింది. చాలా కాలానికి నడుం నిటారుగా నిలబడినట్టనిపించింది. మార్కస్‌ని తిట్టలేకపోయిన తిట్లన్నీ ఇన్నాళ్ళకి ఎవడో ఒకడికి ముట్టాయి.

మర్నాడు పొగ గది దగ్గర అదే కథ. ఉప్పునీటి తొట్టిలోంచి ముక్కలు తీసి చువ్వలకి గుచ్చుతూ, ఏవ్రిల్ ఆ ముసలి గొంతుని అనుకరించి మరీ చెప్పింది. "'మీరే... ఇచ్చారు' అన్నాడే!" అనేసరికి అందరూ ఘొల్లుమన్నారు.

"శభాష్. పొగ పెట్టకుండా రంగు పూసిన చేపని పది గజాల దూరం నుంచి పట్టేస్తావు. మనిషిని పట్టడానికి మాత్రం నీకు ఏడాది పట్టింది" అంది పాలీన్. "ఇంతకీ ఎంత అడిగాడేంటి?"

ఏవ్రిల్ చువ్వని తొట్టి మీద అడ్డంగా పెట్టింది. ఉప్పునీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"అడగలేదు."

"ఊరికే ఇమ్మన్నాడా?"

"అడగనిస్తేగా నేను!" అంది ఏవ్రిల్. మళ్ళీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది కానీ, తరవాత గుచ్చిన ముక్కని తోకవైపు కాకుండా మెడవైపు గుచ్చింది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. పాలీన్ చూడకముందే తీసి సరిచేసింది.

ఆదివారం మధ్యాహ్నం జోవన్ వచ్చింది. వృద్ధుల ఆశ్రమంలో పొద్దుటి డ్యూటీ దిగి, ఆ నీలం చొక్కాతోనే వచ్చింది. వస్తూనే తల్లి చెప్పిందంతా విని మెడ చుట్టూ చేతులు వేసింది.

"అదీ మా అమ్మంటే! ఉండు, ఆ నంబర్ రాసుకుంటా. పోలీసు వాళ్ళకి ఇద్దాం."

పెట్టె ముందు కూచుని మీటలు నొక్కుతూ కళ్ళు చికిలించింది. "చూశావా, ఎంత మొండి వెధవో? నువ్వు ఆపేశాక కూడా చేశాడు. సోమవారం సాయంత్రం ఒకసారి. మంగళవారం రెండుసార్లు. గురువారం ఒకసారి. మొత్తం నాలుగుసార్లు."

"నాలుగుసార్లా?"

"నలభై ఏడుతో మొదలయ్యే నంబరు. ఏ దేశానిదో చూద్దాం." జోవన్ తన ఫోన్‌లో వెతికింది. "నార్వే."

ఏవ్రిల్ కుర్చీలో కూలబడింది. ఆవిడ మొహం చూసి జోవన్ ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఏమైందమ్మా? నార్వే అంటే నిజంగా నార్వే కాదు. ఏ దేశం నంబరైనా కనబడేలా చేస్తారు వాళ్ళు. మొన్న మా ఆశ్రమంలో పెద్దావిడకి బ్యాంకు నంబర్ నుంచే వచ్చింది."

"మార్కస్‌ని ఎందుకు నమ్మానో నీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

"పోనీలే అమ్మా. అయిపోయిన సంగతి."

"కాదు, విను. మనం ద్వీపం చేరేసరికి ప్రతిసారీ ఫ్రిజ్‌లో పాలూ గుడ్లూ ఉండేవి, గుర్తుందా? నార్వే వాళ్ళ గోధుమరంగు జున్ను కూడా."

"ఆ తియ్య జున్ను! ఛీ. నాన్న తప్ప ఎవరూ తినేవారు కాదు."

"ఆ గుడ్ల కింద ఒక చీటీ ఉండేది. 'ఏడో వారం వాళ్ళకి' అని మొదలయ్యేది. మనకంటే ముందు వారం ఉండి వెళ్ళినావిడ పెట్టేది. 'పాలు నిన్నటివి. బాల్కనీ తలుపు కిందకి నొక్కి లాగాలి. ఇట్లు, ఆరో వారం.' అంతే. పేర్లు లేవు. నేను జవాబు రాద్దామంటే ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది కదా? అందుకని వంటింటి అలమార నెత్తిన ఒక ఖాళీ కాఫీ డబ్బా ఉంటే, అందులో రాసి పెట్టేదాన్ని. మీ నాన్న పొడుగు కాబట్టి ఎక్కించేవాడు. మళ్ళీ ఏడాది ఆవిడొచ్చినప్పుడు తీసి చదివేది. ఆవిడ చీటీ నాకు పూటలో అందేది. నాది ఆవిడకి చేరడానికి యాభై ఒక్క వారాలు పట్టేది."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండు."

"ఒక్కసారి కూడా చూసుకోలేదా మీరు?"

"వాళ్ళు శనివారం పదింటికి ఖాళీ చెయ్యాలి. మనం నాలుగింటికి గానీ లోపలికి వెళ్ళకూడదు. ఎలా చూసుకుంటాం?" ఏవ్రిల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "ఆవిడకి మోకాలి నొప్పి. మనవడికి నత్తి ఉండేది, పోయింది. మీ నాన్నకి గుండె బాగాలేదని రాస్తే, మరుసటి ఏడు చీటీలో 'ఎలా ఉన్నారు?' అని మూడుసార్లు గీతలు గీసి మరీ అడిగింది. ఆ మార్కస్‌గాడు ఫోన్ చేసి 'మీ ముందు వారం వాళ్ళు కొంటామంటున్నారు' అనగానే నా ప్రాణం లేచొచ్చిందే. డబ్బుకోసం కాదు. ఇల్లు ఆవిడకి పోతుంది కదా అని. ఆవిడ మోకాలు ఎలా ఉందో కనుక్కోమని వాడికి చెప్పాను. మర్నాడు చేసి 'ఇప్పుడు బాగుందట, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది' అన్నాడు. అప్పుడు కట్టాను డబ్బు."

జోవన్ లేచి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. తల్లి చేతికి కప్పు అందించి, నేల మీద ఆవిడ మోకాళ్ళ దగ్గర కూచుంది.

"అమ్మా, ఒక్కటి ఆలోచించు. ఆవిడకి ఎప్పుడైనా నీ ఫోన్ నంబర్ రాశావా?"

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకో."

"నా పేరే రాయలేదు. నంబరెందుకు రాస్తాను? ఆ చీటీలు అన్నీ నాకు కంఠస్థం."

"మరి వాడు 'మీరే ఇచ్చారు' అన్నాడు. ఇవ్వని నంబర్ ఇచ్చావన్నవాడు దొంగా కాదా?"

అది కాదనలేని మాట. ఏవ్రిల్ తల ఊపింది. జోవన్ వెళ్ళేటప్పుడు పెట్టె ఆన్‌లోనే ఉందో లేదో చూసి మరీ వెళ్ళింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తల్లి ఇంకోసారి అలా కుంగిపోవడం చూడలేక చేసింది.

బుధవారం పని నుంచి వచ్చేసరికి గుమ్మంలో రెండున్నాయి. ఒకటి బిల్లు కవరు. రెండోది తాడు కట్టిన అట్టపెట్టె. దాని మీద తపాలా బిళ్ళలు నార్వేవి. చిరునామా నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు కావు, ఒక్కొక్కటీ చెక్కినట్టున్న అక్షరాలు.

ఏవ్రిల్ కోటు విప్పలేదు. చేపల కత్తి పట్టే చేతికి ఆ తాడు ముడి ఎంతకీ రాలేదు. చివరికి కూరలు కోసే చాకుతో తెంపింది. పాత వార్తాపత్రికల మధ్య అదే డబ్బా ఉంది. ఎర్ర రంగు పెచ్చులూడి, మూత మీద సొట్టతో. ఆ సొట్ట డెరిక్ ఒకసారి పైకెక్కించబోయి పడేసినప్పటిది. పైన ఒక ఉత్తరం మడిచి ఉంది. నిలబడే చదివింది.

"ఏడో వారం వాళ్ళకి,

ఫోన్‌లో మిమ్మల్ని కంగారు పెట్టాను. క్షమించండి. నాకు మీ భాష ఫోన్‌లో త్వరగా రాదు, కాగితం మీద ఫరవాలేదు. చీటీలు రాసింది నేను కాదు, నా భార్య. ఆమె పేరు సోల్‌ఫ్రిడ్. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆమె ఆసుపత్రిలో ఉంది, మేము వెళ్ళలేకపోయాం. మే నెలలో చనిపోయింది.

మొన్న ఫిబ్రవరిలో నేనొక్కణ్ణే వెళ్ళాను. డబ్బాలో మీ చీటీ ఉంది. శనివారం పదింటికి ఇల్లు ఖాళీ చేసి, కింద మెట్ల పక్క బెంచీ మీద నాలుగింటి దాకా కూర్చున్నాను. మీరు రాలేదు. సోల్‌ఫ్రిడ్ ప్రతి ఏడూ అడిగేది, ఒక్కసారి ఆ ఆరు గంటలూ ఉండి వాళ్ళని చూసి వెళ్దామని. విమానం తప్పిపోతుందని నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. సాయంత్రం విమానాలు కూడా ఉన్నాయి.

మీకు ఆ వారం భారమైందేమోనని, నేను తీసుకుంటే తేలికవుతుందని ఫోన్ చేశాను. అమ్మకం గురించి నాకేమీ తెలియదు. మీరు వద్దన్నాక నా వారం వదులుకుంటానని, ద్వీపంలో ఆ ఇల్లు నడిపే ఆఫీసుకి రాసేశాను. ఒక్కటి మీకు చెప్పాలి. భార్యో భర్తో పోయినవాళ్ళు సూటిగా ఆఫీసుకే రాస్తే, వారం వెనక్కి తీసుకుంటారు. డబ్బు అడగరు. మరణ పత్రం నకలు చాలు. మనం అడక్కపోతే మాత్రం వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మధ్యలో ఎవరినీ రానివ్వకండి. మీరు నన్ను తిట్టింది మంచి పనే.

డబ్బా ఇంకెవరి చేతికో పోకూడదని ఫిబ్రవరిలోనే తెచ్చేశాను. ఇవన్నీ మీవి. సోల్‌ఫ్రిడ్ ఒక్కటి కూడా పారెయ్యలేదు.

ఆరో వారం (అర్నె)"

మే నెలలో. మార్కస్ ఫోన్ చేసింది ఆ తరవాతి డిసెంబరులో. మోకాలు బాగుందట అని వాడు చెప్పేటప్పటికి ఆవిడ పోయి ఏడు నెలలయింది. ఏవ్రిల్‌కి ముందు ఆ సంగతే తట్టింది. పంతొమ్మిదివందల పౌండ్లు పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూచుని, కోటు చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

డబ్బాలో చీటీలు ఏడాది వరసన పేర్చి ఉన్నాయి. అడుగున మొదటిది, పైన చివరిది. చివరిది డెరిక్‌తో వెళ్ళిన ఆఖరి ఫిబ్రవరిలో తను రాసింది. అందులో ఏముందో చదవకుండానే చెప్పగలదు. గుడ్లకి కృతజ్ఞతలు, గ్యాస్ పొయ్యి ఎడమ మంట రావట్లేదు, మీ మోకాలికి వేడి ఇసుక మూట కట్టి చూడండి, ఇట్లు ఏడో వారం.

దాని కింద ఇంకొన్ని వరసలున్నాయి. అన్నీ పెద్దక్షరాలు. రేవులో చేపల పెట్టెల మీద పేర్లు రాసి రాసి డెరిక్‌కి చిన్నక్షరాలు రాయడం ఎప్పుడో మరుపొచ్చింది.

"ఈ ముక్క మా ఆవిడ చూడలేదు. డబ్బా ఎక్కించేది నేను కదా. వచ్చే ఏడాదికి నేనుండనని డాక్టర్లు అంటున్నారు. ఏవ్రిల్ ఒక్కతే ఇక్కడికి రాదు, మొండిది. నంబరూ చిరునామా కింద రాస్తున్నాను. వీలైనప్పుడు ఒకసారి ఫోన్ చెయ్యండి. మీరంటే దానికి చాలా ఇష్టం. మొదట తిడుతుంది. పట్టించుకోకుండా మళ్ళీ చెయ్యండి. డెరిక్."

ఏవ్రిల్ ఆ వరసల మీద వేలు పెట్టింది. నొక్కింది. కాగితం గట్టిగా రాసిన చోట అడుగున ఉబ్బి ఉంది.

డాక్టర్లు ఏమన్నారో డెరిక్ తనకి చెప్పింది ఏప్రిల్‌లో. ఈ చీటీ ఫిబ్రవరిది. అంటే ఆ వారం రోజులూ, ఎండలో కూచుని, చల్లటి బీరు తాగుతూ, నత్తల్లా నడిచే జర్మన్ వాళ్ళని చూసి జోకులేస్తూ, మనిషి లోపల ఈ మాట పెట్టుకునే ఉన్నాడు. తనకి చెప్పకుండా, పేరు కూడా తెలియని వాళ్ళకి చెప్పుకున్నాడు. ఒకందుకు కోపం వచ్చింది. ఒకందుకు జాలేసింది. "ఇంత పని చేశావా" అంది పైకే. ఎదురు కుర్చీలో ఎవరూ లేరు.

మళ్ళీ చెయ్యండి అని రాశాడు. అందుకే ఆ పెద్దాయన సోమవారం చేశాడు, మంగళవారం రెండుసార్లు చేశాడు, గురువారం చేశాడు. ఆ నాలుగుసార్లూ ఇక్కడ ఫోన్ మోగనే లేదు.

లేచి హాల్లోకి వెళ్ళింది. గోడ మీది కాగితాన్ని చింపలేదు, అది జోవన్ ప్రేమగా రాసింది. పెట్టె ముందు వంగి, కళ్ళజోడు లేకుండా మీటలు కనబడక, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. ఆపేసిన నంబర్లలో నలభై ఏడుతో మొదలయ్యేది తీసి, ఒక్కో అంకెనీ రెండుసార్లు సరిచూసుకుని ఫోన్ చేసింది.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేసరికి ఎవరో ఎత్తారు. వాళ్ళ భాషలో ఏదో అన్నారు. అదే గొంతు.

"హలో" అంది ఏవ్రిల్. వంటింట్లోంచి వస్తూ కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

అవతల ఆయన జాగ్రత్తపడ్డాడు. ఆయన్ని కూడా ఎవరో కూర్చోబెట్టి నేర్పించినట్టున్నారు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, తెచ్చిపెట్టుకున్న కటువుతనంతో అడిగాడు.

"ఎవరు మీరు? ఈ నంబర్ మీకెవరిచ్చారు?"

"మీరే ఇచ్చారు" అంది ఏవ్రిల్. "ఐదుసార్లు."

ఫోన్‌లో ఊపిరి వినబడింది. తరవాత కుర్చీ జరిపిన చప్పుడు.

"ఏడో వారమా?" అన్నాడు.

"ఆ. ఏడో వారమే." ఏవ్రిల్ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది. "అన్నయ్యగారూ, మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. ఆవిడ పోయిందని తెలీదు నాకు. ఆ బెంచీ మీద మీరు... నేను వచ్చి ఉంటే..."

"మీ ఆయన రాశారు" అన్నాడాయన. "మొదట తిడుతుందని."

పైదేశానికి చేసిన ఖరీదైన కాల్ అని ఇద్దరికీ గుర్తు రాలేదు. వంటింట్లో బిల్లు కవరు విప్పకుండా అలాగే పడుంది. రేపు పొద్దున ఆఫీసుకి ఉత్తరం రాయాలి, డెరిక్ మరణ పత్రం నకలు తీయించాలి. అన్నీ అవుతాయి. జోవన్‌కి ఇంక ఆ బెంగ ఉండదు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. చేతికొచ్చాక మాత్రం అందులో సంతోషం ఏ మూలా కనబడలేదు.

"బాల్కనీ తలుపు" అంది చివరికి, ఏదో ఒకటి అడగాలని. "ఇంకా అలాగే బిగుసుకుపోతోందా?"

"అలాగే. కిందకి నొక్కి లాగాలి" అన్నాడాయన.

"వచ్చేవాళ్ళకి ఎవరు చెప్తారో మరి" అంది ఏవ్రిల్.